తాతగారి పెట్టెలో దొరికిన మొన లేని చాకు: సాన పట్టించి మొన తీయించాలా?

వద్దు. ఆ చాకును సాన పట్టే అతని దగ్గరకు తీసుకెళ్ళకండి. మిగతాది తీరిగ్గా చదవండి.

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. తాతగారి ట్రంకు పెట్టెలో నల్లటి గళ్ళ పిడి ఉన్న మడత చాకు దొరికింది. అలుగుకు, అంటే కోసే ఉక్కు రేకుకు, మొన లేదు, చివర మొద్దుగా కిందికి వంగి ఉంది. పిడి వెనుక వైపు లావాటి ఇనుప ముల్లు ఒకటి మడిచి ఉంది. పిడి చివర ఒక కొక్కెం. ఇంట్లో ఎవరూ ఓడ ఎక్కినవారు లేరు, తాతగారు మాత్రం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. తిరుపతిలో నలుగురికి చూపిస్తే నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. విరిగిన మొనను సాన పట్టించి తీయించాలా, ఇలాంటివి సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

మీ చాకు విరగలేదు. దానికి పుట్టుకతోనే మొన లేదు. వాదర, అంటే కోసే అంచు, గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, పదును లేని వెన్ను చివర్లో వంగి వచ్చి వాదరను కలుస్తుంది. పక్క నుంచి చూస్తే గొర్రె గిట్టలా ఉంటుందని ఇంగ్లీషువాళ్ళు దీన్ని షీప్స్‌ఫుట్ అన్నారు. ఇది నావికుల చాకు ఆకారం. మీ తాతగారు నావికుడు కాకపోయినా అది ఆయన పెట్టెలోకి ఎలా వచ్చిందో కూడా చెబుతాను.

సాన వద్దని అంత గట్టిగా ఎందుకు అన్నానంటే, ఆ తప్పు నేను చేశాను కాబట్టి. 1999లో చెన్నైలో ఒక పాత ఇనుప సామాన్ల దుకాణంలో అచ్చం మీరు చెప్పినలాంటి చాకే నూట యాభై రూపాయలకు కొన్నాను. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి చేరేదాకా జేబులో తడుముకుంటూనే ఉన్నాను. మొన విరిగిపోయిందే అన్న దిగులు తప్ప మరే ఆలోచనా లేదు. మర్నాడు మా వీధిలోకి సైకిలుకు సానరాయి బిగించుకుని వచ్చే అతని చేతిలో పెట్టాను. పాపం, అడిగిన పని చక్కగా చేశాడు. ఐదు నిమిషాలు నిప్పురవ్వలు ఎగిరాయి, సూదిలాంటి మొన వచ్చింది. మొన దగ్గర ఇనుము నెమలి కంఠం రంగు తిరిగింది. అది చూసి నేను మురిసిపోయాను కూడా! ఆ నీలం రంగే చాకు చావుకబురని తరువాత తెలిసింది. పాయనం పెట్టిన, అంటే కాల్చి ముంచి గట్టిపరచిన ఉక్కు రాపిడికి వేడెక్కితే మొదట సుమారు 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగు, 300 డిగ్రీలు సమీపిస్తుండగా నీలం రంగు తిరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి చాకుకు ఉండవలసిన గట్టిదనం పోతుంది. ఒక కొబ్బరితాడు కోసేసరికి ఆ కొత్త మొన రేకులా మడత పడింది. ఆ చాకు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఎవరైనా కుర్రవాళ్ళు చాకులు చూడటానికి వస్తే ముందు దాన్నే చూపిస్తాను.

ఇక మొన ఎందుకు లేదన్నది. దీనికి ఎక్కువమంది చెప్పే కథ ఒకటుంది. ఓడ ఎక్కిన ప్రతి నావికుడి చాకూ కెప్టెన్ అడిగి తీసుకుని మొన విరిచి ఇచ్చేవాడని, తాగిన మైకంలో పొడుచుకోకుండా అలా చేసేవారని. కథ బాగుంది. కానీ పొడుచుకోవాలనుకున్న మనిషికి ఓడలో పనిముట్లకు కొదవా? నన్నడిగితే అసలు కారణం పనిలో ఉంది.

తెరచాప ఓడలో తాళ్ళు వందల సంఖ్యలో ఉంటాయి. తడిసి బిగుసుకున్న మోకును కోయాలంటే మనం ఇంట్లో కోసినట్టు ముందుకూ వెనక్కూ రాస్తూ కూర్చుంటే కుదరదు. మోకును చెక్కమీద పెట్టి, దానిమీద వాదర ఆనించి, వెన్నుమీద కొయ్యసుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. వాదర తిన్నగా ఉంటేనే మోకు మొత్తం ఒకేసారి తెగుతుంది. వెన్ను మందంగా ఉంటేనే దెబ్బకు ఆగుతుంది. ఈ పనిలో మొనకు చోటే లేదు. పైగా ఓడ ఊగుతుంటుంది, మనిషి తెరచాప కొయ్యమీద వేలాడుతూ ఒక చేత్తో తనను పట్టుకుని, రెండో చేత్తో కోస్తుంటాడు. జారితే మొన తన తొడలోనో తెరచాప గుడ్డలోనో దిగుతుంది. ఇక పిడి చివర కొక్కెం దారం కట్టుకోవడానికి. స్తంభం మీద నుంచి చాకు జారితే కింద ఉన్నవాడి తలమీదైనా పడాలి, సముద్రంలోనైనా పడాలి. రెండూ నష్టమే. అందుకే మెడకో నడుముకో కట్టుకునేవారు.

మడత చాకులు చేతికి రాకముందు నావికులవి ఒరలో పెట్టుకునే చాకులే. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే ఇంగ్లండు యుద్ధనౌకను 1982లో పైకి తీసినప్పుడు నావికుల సామాన్లలో చాకుల చెక్క పిడులు, తోలు ఒరలు బయటపడ్డాయి. ఇనుప అలుగులను మాత్రం ఉప్పునీళ్ళు తినేశాయి. మడత చాకు అనే ఆలోచన దానికంటే ఎంతో పాతది, రోమన్ల కాలంలోనే ఉంది. కానీ వెన్నులో స్ప్రింగు పెట్టి, తెరిచినప్పుడు టక్కున నిలబడేలా చేసి, కూలివాడు కూడా కొనగల ధరకు గుట్టలుగా తయారుచేసింది ఇంగ్లండులోని షెఫీల్డు ఊరు. మన మంగలి అంగళ్ళలో జోసెఫ్ రాడ్జర్స్ పేరు తెలియని పెద్దవాళ్ళు ఉండేవారు కారు. ఆ కంపెనీదీ షెఫీల్డే, గుర్తు నక్షత్రం పక్కన మాల్టీస్ శిలువ.

ఇప్పుడు ఆ ముల్లు సంగతి. మీ చాకులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. సైన్యంలో పనిచేసినవాళ్ళు దాన్ని గుర్రం గిట్టలో ఇరుక్కున్న రాళ్ళు తీయడానికి అంటారు. మీకు చెప్పిన నలుగురిలో ఒకరైనా ఆ మాట అనే ఉంటారు. కాదు, అది మార్లిన్ స్పైక్. మార్లిన్ అంటే ఓడల్లో మోకుల చుట్టూ చుట్టే రెండు పేటల సన్నతాడు. సముద్రంలో మార్లిన్ అనే చేప ఉంది కదా, దాని పొడవాటి ముక్కు ఈ ముల్లులా ఉందని చేపకు ఆ పేరు పెట్టారు. చేపను బట్టి పనిముట్టుకు పేరు వచ్చిందని నేను చాలాకాలం అనుకున్నాను. సంగతి తిరగబడింది.

ఆ ముల్లుతో చేసే పనిని నేను చెన్నై కాశిమేడు రేవులో చూశాను. పడవ నీడలో కూర్చున్న ఒక పెద్దాయన మూడు పేటల నైలాను మోకుకు చివర ఉచ్చు వేస్తున్నాడు. ముడి వెయ్యలేదు. మోకు కొసను మూడు పేటలుగా విప్పాడు. మోకును ఒక జానెడు వెనక్కి వంచి, ముల్లును పేటల మధ్య గుచ్చి కొద్దిగా తిప్పాడు. పురి నోరు తెరిచింది. ఆ సందులోంచి ఒక విడి పేటను దూర్చి, ముల్లు తీసేశాడు. నోరు మూసుకుని పేటను కరిచి పట్టుకుంది. మళ్ళీ తిప్పి, రెండో పేట. మళ్ళీ మూడోది. ఇలా నాలుగైదు చుట్లు అయ్యాక అరికాలి కింద వేసి దొర్లించాడు. అతుకు ఎక్కడుందో వేలికి తెలిసింది కానీ కంటికి ఆనలేదు. ముడి వేస్తే మోకు బలం బాగా తగ్గుతుంది, ఇలా అల్లితే దాదాపు పూర్తి బలం నిలుస్తుంది. ఆయన చేతిలోని ముల్లు కొయ్యది, చేతి చెమటకు అద్దంలా మెరుస్తోంది. మా ఊళ్ళో పలుపులు పేనేటప్పుడు తాత తాటి పుల్ల ఒకటి వాడేవాడని అప్పుడు గుర్తొచ్చింది. పని ఒకటే అయితే ఆకారం కూడా అదే వస్తుంది, సముద్రం ఉన్నా లేకపోయినా.

మీ తాతగారి పెట్టెలోకి అది ఎలా వచ్చిందంటే, బ్రిటిష్ సైన్యం ఈ నావికుల చాకునే తీసుకుని, డబ్బా మూత కోసే కొక్కెం ఒకటి చేర్చి, సిపాయిలకు ఇచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఇవి లక్షల చేతుల్లో తిరిగాయి. గుడారాల తాళ్ళు, లారీమీద సామాను కట్టే మోకులు, అన్నిటికీ ఆ ముల్లు పనికివచ్చింది. అలుగు మొదట్లో, అంటే పిడిలోకి దూరేచోట, భూతద్దం పెట్టి చూడండి. మూడు గీతలు ఒకచోట కలిసినట్టు బాణం గుర్తు కనిపిస్తే అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు. బాణం చుట్టూ సి అక్షరం ఉంటే కెనడాది. రెండు డి అక్షరాల మధ్య బాణం ఉంటే ఆస్ట్రేలియాది. చాలావాటిమీద తయారుచేసినవారి పేరు, సంవత్సరం కూడా గుద్ది ఉంటాయి.

సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. ఇంట్లోనే మొదలుపెట్టండి. ఇది ఊరికే అనడం లేదు.

నా మొదటి చాకు మా నాన్నది, మామిడి అంట్లు కట్టే చాకు. మాది చిత్తూరు దగ్గర పల్లె. తోటలో బేనీషా, బెంగళూరా చెట్లు ఉండేవి. అదీ మడత చాకే, నావికుల చాకులాగే వాదర తిన్నన, మొనకు పని లేదు. మామూలు చాకును రెండు వైపులా సాన పడతారు. దీన్ని ఒక వైపే పడతారు, రెండో వైపు పలకలా చదునుగా ఉంటుంది. టెంక మొక్క కాండాన్నీ, అంటు పుల్లనూ కోసినప్పుడు రెండు కోతలూ అద్దాల్లా సమంగా ఉండి, మధ్యలో గాలి దూరకుండా అతుక్కోవాలి. చదును వైపు కొయ్యకు ఆనుకుని సాగితేనే ఆ కోత వస్తుంది. నేను ఎడమచేతివాణ్ణి. పదేళ్ళప్పుడు ఆ చాకు తీసుకుని ఎన్ని పుల్లలు కోసినా కోత మధ్యలో గుంట పడేది. నాన్న కాసేపు చూసి నవ్వి, "ఒరే, అది నీ చెయ్యికి పుట్టిన చాకు కాదురా" అన్నాడు. కుడిచేతివాళ్ళకు ఒక వైపు, ఎడమచేతివాళ్ళకు రెండో వైపు సాన పట్టాలట. చాకు చూసి అది ఏ చేతిదో చెప్పవచ్చని ఆ రోజు తెలిసింది. నాకు పిచ్చి పట్టింది కూడా ఆ రోజే. ఇప్పుడు నా దగ్గర నలభై మూడు ఉన్నాయి. మా ఆవిడ లెక్కలో అరవై.

కాబట్టి మీ బంధువుల ఇళ్ళలో అడగండి. అంట్లు కట్టే చాకు, తమలపాకుల తోటలో ఆకు కోసే చాకు, కరెంటు పనివాళ్ళ చాకు, ఏదైనా సరే. గంటంతో తాటాకులు రాసిన కుటుంబాలు ఉంటే ఇంకా మంచిది. దక్షిణాదిలో తాటాకు మీద రాసే గంటాన్నీ, ఆకు అంచులు కత్తిరించే చిన్న కత్తినీ ఒకే పిడిలో మడిచిపెట్టుకునే పనిముట్టు ఉండేది. తమిళంలో మడక్కెళుత్తాణి అంటారు. మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు చూసినప్పుడల్లా ఆ అంచులు అంత తిన్నగా కోసిన చాకులన్నీ ఏమయ్యాయా అనిపిస్తుంది. ఇంగ్లీషులో పెన్ నైఫ్ అన్న మాట కూడా ఇలాంటిదే. ఈక కలాన్ని చెక్కుకునే చాకు అది. కలం మారిపోయింది, పేరు మిగిలింది.

కొత్తవి కొనాలనుకుంటే రెండు చాలు. ఒకటి ఫ్రాన్సు వాళ్ళ ఒపినెల్. 1890లో మొదలైంది, కొయ్య పిడి, మెడ దగ్గర తిప్పే ఉంగరం. ఆ ఉంగరం 1955లో వచ్చింది, తిప్పితే అలుగు మడత పడదు. ఎనిమిదో నంబరుది తీసుకోండి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల అలుగు. రెండోది స్విట్జర్లాండు వాళ్ళ విక్టోరినాక్స్, దాని గురించి నేను చెప్పవలసింది ఏమీ లేదు.

పాతవి కొనేటప్పుడు ముందు శబ్దం వినండి. తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కుమనాలి. మెత్తగా మూలిగితే స్ప్రింగు అలిసిపోయినట్టు. తెరిచి పట్టుకుని అలుగును అటూ ఇటూ కదిపి చూడండి. తరువాత ఆకారం చూడండి. సాన పట్టీ పట్టీ అలుగు సగానికి అరిగిపోయినది చరిత్రగా బాగుంటుంది కానీ ధర సగమే ఇవ్వండి. పేరున్న ముద్రలకు నకళ్ళు ఆ రోజుల్లోనే ఉన్నాయి, రాడ్జర్స్ స్పెల్లింగులో ఒక అక్షరం తేడాతో వచ్చినవి నా దగ్గరే రెండు ఉన్నాయి. ఒకటి తెలిసి కొన్నాను.

పిడి చెక్క పోయిన చాకు దొరికితే వదలకండి. నా చాకు ఒకదానికి మాధవమాలలో బొమ్మలు చెక్కే ఆయన చింతచేవతో చెక్కలు వేసి ఇచ్చాడు, అసలు పిడికంటే బాగుంది. తిరుపతిలో ఉన్నాం కదా అని ఎర్రచందనం వేయించాలని సరదా పడవద్దు. చట్టబద్ధంగా వచ్చిన చెక్క అని చేతిలో కాగితం ఉంటే తప్ప ఆ జోలికి పోకపోవడం మంచిది.

మీ చాకుకు చేయవలసింది చాలా తక్కువ. కీలు దగ్గర ఒక్క చుక్క కిరోసిన్ వేసి రెండు రోజులు వదిలేయండి. బలవంతంగా తెరిస్తే గోరు పెట్టి తెరిచే గాడి దగ్గర జారి వేలు తెగుతుంది, ముల్లును కూడా పట్టకారుతో లాగకండి. తుడిచాక కుట్టుమిషన్ నూనె రాయండి. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురెక్కుతాయి. ఎర్రగా పొడి రాలేది తుప్పు, దాన్ని నూనెగుడ్డతో రుద్ది తీయాలి. నల్లగా, బూడిదరంగుగా ఉన్న మరకలు మాత్రం ఉండనివ్వండి, అవి ఉక్కుకు కవచం. మీ ఇంట్లో ఎవరో చింతపండు పెట్టి తోముతామంటారు. ఇత్తడి చెంబుకు మంచిదే, ఈ చాకుకు కాదు, పులుపు ఆ కవచాన్ని తినేస్తుంది. తోలు ఒరలో పెట్టి దాచవద్దు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని మిగతావాటికి దూరంగా పెట్టండి. ఆ పిడి పాతబడి కుళ్ళినప్పుడు వచ్చే ఆవిరి పక్క చాకులకు కూడా తుప్పు పట్టిస్తుంది. మన ఊరి ఎండలకు అది ఇంకా తొందరగా జరుగుతుంది.

చట్టం సంగతి భయపడవలసినంత లేదు. ఇంటి పనికీ వ్యవసాయానికీ కాకుండా ఆయుధంగా చేసిన కత్తి తొమ్మిది అంగుళాలకంటే పొడవో రెండు అంగుళాలకంటే వెడల్పో ఉంటే ఆయుధాల నిబంధనల్లోకి వస్తుంది. జేబు చాకులు ఆ దరిదాపుల్లోకి కూడా రావు. కానీ జేబులో చాకు ఉన్న సంగతి మరచిపోకూడదు. ఒకసారి నడకదారిన కొండకు బయలుదేరి, అలిపిరి చేరాక జేబులో చెయ్యి పెడితే నాన్న చాకు తగిలింది. తనిఖీలో ఎలాగూ ఆపుతారు. వెనక్కి ఇంటికి వెళ్ళే ఓపిక లేక, దారి పక్కన కొబ్బరికాయలు అమ్మే పరిచయస్థుడికి అప్పగించాను. మర్నాడు దిగి వచ్చేసరికి ఆయన దాన్ని గల్లాపెట్టెలో భద్రంగా పెట్టి, మల్లెపూల మూర దారాలు మాత్రం దానితోనే కోస్తున్నాడు. "స్వామీ, ఒక వైపే పదునుందే, సాన పట్టించమంటారా రెండో వైపు?" అన్నాడు. చాకు లాక్కున్నంత పని చేశాను.

ఇప్పటికి మీరు చేయవలసింది, ఆ నల్ల పిడి చాకును కదపకుండా అలుగు మొదట్లో ఉన్న ముద్రను పగటి వెలుతురులో, ఏటవాలుగా ఫొటో తీసి ఇక్కడ పెట్టడం. పైనుంచి ఎదురుగా తీస్తే అక్షరాలు పడవు. డబ్బా కోసే కొక్కెం కూడా ఉంటే దానిమీద చూడండి, కొన్నిసార్లు సంవత్సరం అక్కడ ఉంటుంది. తాతగారు ఏ సంవత్సరాల్లో, ఏ దళంలో పనిచేశారో మీ నాన్నగారిని అడిగి అదీ రాయండి.